పావురాలవాడి సాక్ష్యం చెల్లదు

అమారా పట్నంలో చాసిబ్ మాటకు విలువ లేదని ఎవరూ అనరు. ఎయిర్ కూలర్ చల్లగాలి ఎందుకివ్వడం లేదో అతను చెబితే అదే తీర్పు. గడ్డి మార్చాలంటే మార్చాల్సిందే, మోటారు పోయిందంటే పోయినట్టే. తలెత్తి ఆకాశం చూసి దుమ్ముగాలి వస్తుందన్నాడంటే వీధిలో ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు. కోర్టులో మాత్రం అతని మాట చెల్లదు. ఎందుకంటే అతను పావురాలు పెంచుతాడు.

ఇది నిజంగా చట్టంలో ఉందా అని ఒక వకీలును అడిగాను. ఆయన ఉందనలేదు, లేదనలేదు. "మీ అమ్మాయిని పావురాలవాడికి ఇస్తారా?" అని నన్నే ఎదురడిగాడు. మా ఊళ్ళో వాళ్ళు చెప్పే కారణాలు మూడు. పావురాలవాడు పొద్దస్తమానం డాబా మీదే ఉంటాడు. పక్కిళ్ళ పెరళ్ళలోకి చూస్తాడు. తనది కాని పావురాన్ని తనదేనని ప్రమాణం చేస్తాడు. మొదటి రెండూ అబద్ధమంటాడు చాసిబ్. మూడోదాని గురించి మాట్లాడడు.

పన్నెండేళ్ళ కిందట ఒక పుచ్చకాయల లారీ వీధి మలుపులో టుక్‌టుక్‌ను గుద్దింది. తప్పెవరిదో చూసింది అతనొక్కడే, అదీ డాబా మీద నుంచి. కోర్టుకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.

"ఆ సమయంలో నువ్వు డాబా మీద ఏం చేస్తున్నావు?" అని న్యాయమూర్తి అడిగాడు.

"పావురాలు ఎగరేస్తున్నానండీ."

కోర్టంతా నవ్వింది. న్యాయమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంక ఇంటికి వెళ్ళు నాయనా" అన్నాడు. "తిట్టినా బాగుండేది" అంటాడు చాసిబ్ ఇప్పటికీ. "నాయనా అన్నాడు, అదే బాధ."

అతనికి యాభై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు. మూడు సంబంధాలు వచ్చాయి. మూడుసార్లూ పిల్ల తండ్రి మాటలు పూర్తయ్యేదాకా ఆగి, బయటికొచ్చి, డాబా వైపు తలెత్తి చూశాడు. ఆ తర్వాత కబురు లేదు. అక్క వబ్రియా ఇంటి మీద ఒక గది వేసుకుని ఉంటాడు. గది చిన్నది, పావురాల గూళ్ళు పెద్దవి. వబ్రియా భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె గేదె మీగడ అమ్ముతుంది. తెల్లవారకముందే చిత్తడి నేలల నుంచి గేదెలవాళ్ళు తెచ్చే పాలు కాచి, పళ్ళేల్లో పోసి, వేలెడు మందాన మీగడ తీస్తుంది. వేడి సమూన్ రొట్టె, ఆ మీగడ, పైన ఖర్జూర పాకం పోసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఎవరితోనూ గొడవ పెట్టుకోబుద్ధి కాదు. ఆమెకు ఒక్కతే కూతురు, నిబ్రాస్.

ఈ కథంతా నిబ్రాస్ పరీక్షల గురించి. ఆరో తరగతి ప్రభుత్వ పరీక్షలంటే మా దగ్గర బడి చదువులో ఆఖరివి, పద్దెనిమిదేళ్ళకు రాసేవి. కిందటి ఏడు ఆమె రెండు సబ్జెక్టుల్లో పోయింది. ఈసారీ పోతే రెగ్యులర్ విద్యార్థినిగా మళ్ళీ రాయనివ్వరు. ఫార్మసీ చదవాలని ఆమె కోరిక. "ఈసారి పోతే నేరుగా మీగడ పళ్ళెం ముందు కూర్చోవడమే" అని వబ్రియా చెప్పేసింది. ఆమె కోపంతో అనలేదు. తన మోకాళ్ళు ఇంక సహకరించడం లేదు.

ఆ ఏడు ప్రశ్నాపత్రాలు బయటికి పొక్కుతున్నాయని, పరీక్ష ఉన్న ప్రతి రోజూ పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా దేశమంతటా ఇంటర్నెట్ ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ప్రకటన ఫేస్‌బుక్‌లో పెట్టారు. మొదటి రోజు పొద్దున ఆరూ ఐదుకు పెట్టారు.

ఎనిమిదింటికి చదివిన జనం, ఆరింటికి ఏం జరిగిందో తెలుసుకున్నారు. ఈలోపల మా వీధిలో ఒకాయన రౌటర్‌ను ముక్కలు చేశాడు. ఇంకొకాయన నెట్ టవర్ యజమాని ఇంటికి వెళ్ళి, నిద్రలో ఉన్న మనిషిని లేపి, లేచాక తిట్టాడు. వబ్రియా ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టింది. వేడెక్కి ఆగిపోయిందనుకుంది.

ఆమెకు నష్టం ఎక్కువ. మీగడ అమ్ముడుపోయేది సరిగ్గా ఆ రెండు గంటల్లోనే. ఊరి మధ్య పారే దిజ్లా నది అవతల పదకొండు మంది వాడుకదార్లు ఉన్నారు. వాళ్ళలో పెద్దవాడు టీకొట్టు అబూ దాఖిల్. అతనూ మిగతావాళ్ళూ లేవగానే వాట్సాప్‌లో ఎవరికెంతో పంపేవారు. ఆమె కట్టి పంపేది. ఆ రోజు ఒక్క కబురూ రాలేదు. ఎండకు మీగడ నీరుగారిపోయింది.

"ఏడుగంటలకి తినేదాన్ని ఎనిమిదింటికి ఎవడు తింటాడ్రా?" అంది తమ్ముడితో. "పిల్లలు కాపీ కొడతారని నా మీగడ ఆపేయడమేంట్రా? నా మీగడలో ఏం ప్రశ్నలున్నాయి?"

చాసిబ్ నీరుగారిన పళ్ళేల వైపు చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తి డాబా వైపు చూశాడు.

"వద్దు" అంది వబ్రియా.

"నేనింకా ఏమీ అనలేదే!"

"నీ మొహం అంటోంది. వద్దు."

కానీ మరుసటి పరీక్ష నాటికి ఆమె దగ్గర వేరే దారి లేదు. చాసిబ్ ఏర్పాటు సులువైనది. పావురం ఎక్కడ వదిలినా తన గూటికే వస్తుంది. అందుకని పరీక్ష ముందురోజు మధ్యాహ్నం కూలర్ల పని మీద అవతలి ఒడ్డుకు వెళ్ళినప్పుడు, ప్రతి వాడుకదారు ఇంట్లోనూ చిన్న బుట్టలో ఒక పావురాన్ని ఇచ్చి వచ్చేవాడు. పొద్దున వాళ్ళు చీటీ రాసి, కాలికి దారంతో కట్టి వదిలేయాలి. పావుగంటలో చీటీ వబ్రియా డాబా మీద ఉంటుంది.

అది పనిచేసింది, అదే విచిత్రం. పదకొండు మందిలో పది మంది చీటీలు వచ్చాయి. పదకొండో ఆయన పావురాన్ని వదలడం మరిచిపోయి, దాన్ని చూడ్డానికి వచ్చిన మనవరాలికి ఇచ్చేశాడు. వబ్రియా మీగడంతా అమ్ముడుపోయింది. వీధిలో నలుగురు ఆగి చాసిబ్‌ను మెచ్చుకున్నారు. టవర్ యజమాని కూడా వచ్చి, "మీ దగ్గర నెలకెంత?" అని అడిగాడు. చాసిబ్ జీవితంలో అతని పావురాలను పనికొచ్చేవి అని ఎవరైనా అనడం అదే మొదలు. అతను ఆ వారమంతా పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు.

నిబ్రాస్ ఒక్కతే అతన్ని ఆటపట్టించకుండా వదల్లేదు.

"మామయ్యా, నీ పావురాలు ఎప్పుడు డౌన్ అవుతాయి?"

"డేగ వస్తే."

"మరి మా పరీక్షలో హెడ్‌మిస్ట్రెస్ ఉందే, ఆవిడ ఒక డేగ. సిత్ నజీహా. వరసల మధ్య తిరుగుతూ నాలుకతో ఇలా అంటూ ఉంటుంది, ట్చ్, ట్చ్, ట్చ్. ఆ చప్పుడు వింటే మాకు చదివిందంతా ఎగిరిపోతుంది."

ఆమె ఆ చప్పుడు అచ్చం అలాగే చేసి చూపించింది. పిట్టగోడ మీదున్న పావురాలు పది ఒక్కసారిగా కిందికి దిగి ఆమె కాళ్ళ చుట్టూ చేరాయి. అది గింజలు చల్లేవాళ్ళు చేసే చప్పుడు.

"మీ మేడమ్ పొరపాటున బడిలో పడింది కానీ, పావురాలింట్లో పుట్టాల్సింది" అని చాసిబ్ నవ్వాడు. అంతటితో ఆ మాట మరిచిపోయాడు.

సిత్ అంటే మా దగ్గర మేడమ్. సిత్ నజీహా అంటే ఊరంతటికీ హడల్. పెళ్ళి చేసుకోలేదు. బడి వెనక గోడకు ఆనుకునే ఇల్లు. ఆమె డాబా మీద ఎప్పుడు చూసినా దుప్పట్లు ఆరుతూ ఉంటాయి. అంత శుభ్రత అమారాలో ఇంకెవరికీ లేదని ప్రతీతి. ఊళ్ళో చాసిబ్ ఎక్కని డాబా అదొక్కటే. కూలర్ చెడితే ఆమె దాన్ని తాళ్ళతో కిందికి దింపించి, వాకిట్లో బాగుచేయించుకునేది. "డాబా కడిగాను, జారుతుంది" అనేది. ఏడేళ్ళుగా అదే జారుడు.

లెక్కల పరీక్ష రోజున అబూ దాఖిల్ ఇంట్లో ఉన్నది మిస్కీ. కస్తూరి రంగు ఆడ పావురం, చాసిబ్ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే బలమైంది. మార్చిలో దుమ్ముగాలి రోజున దారితప్పి అతని డాబా మీద వాలింది. మా ఊళ్ళో పావురాలవాళ్ళు ఇద్దరు కొత్తగా కలిస్తే మొదట తేల్చుకునేది, మన మధ్య యుద్ధమా, సంధా అని. సంధి అయితే వచ్చి వాలిన పావురాన్ని తిరిగి ఇచ్చేయాలి. యుద్ధమైతే పట్టుకున్నవాడిదే. ఎవరిదో తెలియని పావురం విషయంలో యుద్ధమే. చాసిబ్ దాని రెక్కలకు టేపు వేసి, నెలన్నర దగ్గర కూర్చోబెట్టుకుని మేపి, తర్వాత వదిలాడు. అది ఉండిపోయింది. తనదైపోయిందనుకున్నాడు.

ఆ పొద్దున ఏడున్నరకు తొమ్మిది చీటీలు వచ్చాయి. మిస్కీ రాలేదు. ఎనిమిదైంది. నెట్ వచ్చింది. "చీటీ పంపానే, నా మీగడేది?" అని అబూ దాఖిల్ వాట్సాప్‌లో కోపంగా అడిగాడు.

సరిగ్గా అదే సమయంలో బడిలో పరీక్ష మొదలైంది. నిబ్రాస్ కిటికీ పక్కన కూర్చుంది. సిత్ నజీహా వరసల మధ్య నడుస్తూ ఆ కిటికీ దగ్గరికొచ్చి ఆగింది. ట్చ్, ట్చ్, ట్చ్ అంది.

కిటికీలోంచి కస్తూరి రంగు పావురం ఒకటి లోపలికొచ్చి నిబ్రాస్ బల్ల మీద, ప్రశ్నాపత్రం మీద, సరిగ్గా రెండో ప్రశ్న మీద వాలింది. కాలికి చీటీ ఉంది.

హాల్లో నూట ఇరవై మంది అమ్మాయిలు. ఒక్కరి కలమూ కదల్లేదు. సిత్ నజీహా చీటీ విప్పింది. అందులో ఇలా ఉంది: రెండు, అర, ఒకటిన్నర, అర, మూడు. పాకం వద్దు.

నిబ్రాస్‌ను చివరిదాకా రాయనిచ్చి, అప్పుడు పేపరు తీసుకున్నారు. దాన్ని మిగతా పేపర్లతో పాటు సంచీలో పెట్టి సీలు వేశారు. దాని మీద మాత్రం ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. ఆ గీత ఖాయమైతే ఆ ఏడంతా పోయినట్టే. ఖాయం చేయాల్సింది విచారణ సంఘం. పదకొండు గంటలకు సంఘం బడికి వచ్చింది. ఇద్దరు మనుషులు. ఛైర్మన్ న్యాయ విభాగంలో పనిచేసే లావుపాటి మనిషి, రెండోవాడు లెక్కల ఇన్‌స్పెక్టర్. కబురందుకుని చాసిబ్, వబ్రియా పరుగెత్తుకుంటూ వచ్చారు. నిబ్రాస్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. గోళ్ళు కొరుక్కోవడం అయిపోయి, వేళ్ళ దాకా వచ్చింది.

"మామయ్యా," అంది, "నేను చచ్చినా దాన్ని పిలవలేదు."

"నాకు తెలుసమ్మా."

"నీకు తెలిస్తే ఏం లాభం?" అంది ఆ పిల్ల. అది ఎగతాళి కాదు. ఉన్నమాటే.

లోపల ఛైర్మన్ ఫారం నింపుతున్నాడు. ఇలాంటి కేసులకు అచ్చువేసిన ఫారం ఒకటే ఉంది. 'మోసానికి వాడిన పరికరం.'

"కంపెనీ?" అని చదివాడు ఛైర్మన్.

"లేదని రాయండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రంగు?"

"గోధుమ."

"కస్తూరి" అంది సిత్ నజీహా. ఇద్దరూ ఆమె వైపు చూశారు. "గోధుమ రంగు వేరు" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

"సీరియల్ నంబరు... లేదు. సిమ్‌కార్డు... లేదు. పరికరాన్ని ఆపుచేసి, కవరులో పెట్టి, సీలు వేయవలెను." ఛైర్మన్ కలం ఆగింది. "దీన్ని ఆపు చేయడమెలా?"

బడి కాపలాదారు అట్టపెట్టెలోంచి పావురాన్ని తీసి, పెద్ద కాగితం కవరులోకి దూర్చబోయాడు. అది తన్నుకుంది. కవరు చిరిగింది. రెండో కవరుకు అతను పైన చిల్లు పెట్టాడు, తల బయటికి రావడానికి. అలా సీలు వేస్తే నియమం ఉల్లంఘించినట్టా కాదా అని ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం వచ్చింది. ఈ గొడవలో సిత్ నజీహా లేచి, "ఇటివ్వు, ఊపిరాడదు దానికి" అని కాపలాదారు చేతుల్లోంచి పావురాన్ని తీసుకుంది.

గుమ్మంలో నిలబడ్డ చాసిబ్ అది చూశాడు.

పావురాన్ని అందరూ చంకలో కోడిపెట్టను పట్టినట్టు పడతారు. లేదా రెక్కలు నలిపేస్తారు. ఆమె దాని రెండు కాళ్ళను చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి, బొటనవేలితో రెక్కల కొసలను తోక మీద అదిమి, రొమ్మును మణికట్టుకు ఆనించుకుంది. అలా పట్టుకోవడం పుస్తకాల్లో రాదు. పదేళ్ళైనా డాబా మీద బతికితే వస్తుంది. మిస్కీ వెంటనే కళ్ళు సగం మూసింది.

చాసిబ్‌కు దుప్పట్లు గుర్తొచ్చాయి. జారుడు డాబా గుర్తొచ్చింది. ట్చ్ ట్చ్ గుర్తొచ్చింది. ఒక్క మనిషికి అన్ని దుప్పట్లెందుకని అతను ఏడేళ్ళుగా ఎప్పుడూ అనుకోలేదు. ఊళ్ళో ఇంకెవరూ అనుకోలేదు.

ఆమె తలెత్తింది. అతను చూస్తున్నాడని చూసింది. ఇద్దరూ వెంటనే చూపులు పక్కకు తిప్పుకున్నారు.

"నువ్వేనా పావురాలవాడివి?" అన్నాడు ఛైర్మన్.

"అవునండీ. అది మీగడ చీటీ అండీ. రెండు కిలోలు, అర కిలో, అలా. అవతలి ఒడ్డు టీకొట్టు వాళ్ళది, అక్కడ తీసుకునే ఐదుగురి లెక్క."

లెక్కల ఇన్‌స్పెక్టర్ చీటీ వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది అంత తేలిక కాదు. రెండో ప్రశ్నకు జవాబు అర. ఇక్కడా రెండోది అరే. ఐదో ప్రశ్నకు జవాబు మూడు. ఇక్కడా మూడే."

"మిగతా మూడూ?" అన్నాడు ఛైర్మన్.

"మిగతా మూడూ తప్పు."

"మరి?"

"పంపినవాడికి లెక్కలు అంతంత మాత్రం."

"పాకం వద్దు అంటే?"

"దాని మీదే ఆలోచిస్తున్నాను. బహుశా పటం గీయనక్కర్లేదని."

వబ్రియా ఇంక ఆగలేకపోయింది. "అయ్యా, అబూ దాఖిల్‌కు చక్కెర జబ్బు! పాకం వద్దంటే పాకం వద్దనే!"

"సరే, అతన్నే అడుగుదాం" అన్నాడు ఛైర్మన్. అబూ దాఖిల్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, తానెవరో చెప్పాడు. ప్రభుత్వం నెట్ ఆపిన గంటల్లో తాను కబుర్లు పంపుతున్నట్టు బయటపడిందని అబూ దాఖిల్‌కు భయం పట్టుకుంది.

"పావురమా?" అన్నాడు అబూ దాఖిల్. "నేను నా జన్మలో పావురాన్ని చూడలేదండీ."

"ఎప్పుడూనా?"

"బొమ్మల్లో చూశానేమో."

ఛైర్మన్ ఫోన్ కింద పెట్టాడు. అప్పుడు ఆ ఫోన్ వైపే కాసేపు చూశాడు. "అవునూ, ఆపింది ఇంటర్నెట్ ఒక్కటేగా. మామూలు ఫోన్లు పనిచేస్తూనే ఉన్నాయిగా. మీరంతా ఫోన్ చేసి చెప్పుకోవచ్చుగా?"

చాసిబ్ వబ్రియా వైపు చూశాడు, వబ్రియా చాసిబ్ వైపు చూసింది. ఈ ఆలోచన వాళ్ళిద్దరికే కాదు, అవతలి ఒడ్డు పదకొండు ఇళ్ళల్లో ఒక్కరికీ రాలేదు.

"ఈ రోజుల్లో బ్యాలెన్స్ ఎవరేసుకుంటారండీ" అంది వబ్రియా చిన్నగా.

"అంటే, ఫోన్ ఉండగా పావురాన్ని వాడారు. ఇందులో ఏదో ఉంది" అని ఛైర్మన్ కలం తీశాడు. "ప్రత్యక్ష సాక్షి హెడ్‌మిస్ట్రెస్ గారి నివేదిక ఉంది. ఇటువైపు సాక్షి..." అని చాసిబ్‌ను పైనుంచి కిందికి చూసి, ఏదో చెప్పబోయి మానేశాడు. చాసిబ్ 'నాయనా' అనే మాట కోసం భుజాలు కుంచించుకుని నిలబడ్డాడు.

అతను కావాలంటే అప్పుడే చెప్పేయవచ్చు. ఈ మేడమ్ నాలాంటిదే, ఆ దుప్పట్ల వెనక గూళ్ళున్నాయి, ఆ పావురం ఆమె పిలుపుకే వచ్చింది అని. ఎందుకు చెప్పలేదని తర్వాత నేను అడిగాను. "నేను చెబితే నమ్మరు, అది ఒకటి" అన్నాడు. "రెండోది, మా బోటి వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టివ్వరు. పావురాన్ని పట్టుకుంటాం, మనిషిని పట్టివ్వం" అన్నాడు.

ఆ గదిలో మాత్రం అతను ఇలా అన్నాడు: "అయ్యా, నా మాట వద్దు. ఆ పావురాన్నే అడగండి. పావురం జవాబులు మోసుకుని బడికి రాదు. ఎక్కడి నుంచి వదిలినా తన ఇంటికే పోతుంది. ఇప్పుడు వదలండి, ఎక్కడికి పోతుందో మీరే చూడండి."

ఛైర్మన్ గడియారం చూసుకున్నాడు. అతనికి భోజనం వేళ దగ్గరపడింది. "పరికరాన్ని పరీక్షించడం నియమాల్లో ఉంది" అని ఇన్‌స్పెక్టర్ పేజీ తిప్పి చూపించాడు.

అందరూ బడి ముంగిట్లోకి వచ్చారు. ఎండ మండిపోతోంది. నిబ్రాస్ కూడా వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. సిత్ నజీహా పావురాన్ని అలాగే, సరైన పట్టులో, పట్టుకుని వచ్చింది. వదలమన్నారు. ఆమె కాస్త ఆలస్యం చేసింది. తర్వాత వదిలింది.

మిస్కీ పైకి లేచింది. బడి మీద ఒక చుట్టు తిరిగింది. వబ్రియా ఇల్లున్న వైపుకు పోయి, తిరిగి వచ్చింది. వెనక గోడ వైపు దిగబోయి, ముంగిట్లో ఇంతమంది జనాన్ని చూసి బెదిరి మళ్ళీ పైకి పోయింది. పొద్దున కూడా అది ముందు ఆ గోడ వెనక డాబా మీదికే వచ్చి, గూళ్ళు మూసి ఉండటం చూసి, ఎనిమిది దాకా అక్కడే కాచుకుని ఉంటుందని చాసిబ్ అనుకున్నాడు.

"ఇదెక్కడికీ పోయేలా లేదే" అన్నాడు ఛైర్మన్, చేతిని కళ్ళకు అడ్డంపెట్టుకుని.

అప్పుడు కసాయి వీధి మీద ఒక గుంపు లేచింది. నలభై పావురాలు, గాలిపటంలా ఒక్కసారిగా వాలుతూ తేలుతూ ఇటు వస్తున్నాయి. కసాయి వీధి పావురాలవాడు ఎవరితోనూ సంధి చేసుకోడు. ఒంటరి పావురం గుంపులో కలిస్తే కాసేపట్లో వాడి డాబా మీద ఉంటుంది. సాయంత్రానికి రెక్కలకు టేపు పడుతుంది, లేదా సంతలో అమ్ముడుపోతుంది. మిస్కీ ఆ గుంపు వైపు తిరిగింది.

చాసిబ్ నోట్లో ఈల సిద్ధంగా ఉంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. అతను పిలిస్తే అది అతని డాబాకే పోవచ్చు. అప్పుడు ఈ సంఘం దృష్టిలో అది అతని పావురం, అతని మేనకోడలి పావురం. పిలవకపోతే కసాయి వీధి. అతను పావురాన్ని చూడటం లేదు. సిత్ నజీహాను చూస్తున్నాడు.

ఆమె పెదవులు బిగించింది. వదిలింది. మళ్ళీ బిగించింది. మిస్కీకీ గుంపుకూ మధ్య రెండు డాబాల దూరం మిగిలింది.

ముప్ఫై ఏళ్ళుగా నవ్వని హెడ్‌మిస్ట్రెస్, ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు నిటారుగా కూర్చోవడం నేర్పిన సిత్ నజీహా, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

అది ఎలాంటి ఈల అంటే, నదిలో పడవవాడు ఒకడు తెడ్డు ఆపాడు. బడి కాపలాదారు చేతిలో కవరు కింద పడింది. కసాయి వీధి గుంపు కూడా ఒక క్షణం చెదిరింది. మిస్కీ రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి పడి, ఆఖరి క్షణంలో రెక్కలు విప్పి, ఆమె భుజం మీద వాలింది.

ఛైర్మన్ కళ్ళకు అడ్డంపెట్టుకున్న చేతిని దించాడు.

"మేడమ్" అన్నాడు. "ఇదేమిటి?"

సిత్ నజీహా నోటి నుంచి తీసిన వేళ్ళను రుమాలుతో తుడుచుకుంది. బడిలో నోటీసు చదివే గొంతుతోనే చెప్పింది. "ఈ పావురం నాది. ఎడమకాలికి ఒక గోరు లేదు, చూసుకోండి. మార్చిలో దుమ్ముగాలికి పోయింది. పొద్దున నా చప్పుడు విని వచ్చింది. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు. నేను పొద్దునే చెప్పాల్సింది. చెప్పలేదు."

"మీరు... పావురాలు పెంచుతారా?"

"ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఊరు లేవకముందు పావుగంట ఎగరేస్తాను."

"ఆ దుప్పట్లు..." అంది వబ్రియా. ఆమె నోరు మూసుకోలేకపోయింది. "అమ్మో, ఆ దుప్పట్లు చూసి నేను మా అమ్మాయిని ఎన్నిసార్లు తిట్టానో!"

"కాబట్టి ఛైర్మన్ గారూ" అంది సిత్ నజీహా, "నా నివేదిక కొట్టేయండి. ఆ నివేదికకు సాక్షిని నేనొక్కదాన్నే. నేను పావురాలదాన్ని. పావురాలవాళ్ళ సాక్ష్యం చెల్లదు."

ఛైర్మన్ ఇరుకున పడ్డాడు. "అలాంటి చట్టమేమీ లేదు మేడమ్."

"అయితే చెల్లుతుందని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి."

ఛైర్మన్ కలం తీశాడు. ఆ ముక్క కాగితం మీద ఉంటే తన మీద ఊరేమంటుందో, ఆఫీసులో ఏమంటారో, పిల్లనివ్వాల్సిన ఇంట్లో ఏమంటారో అతని మొహంలో ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఆకాశం వైపు చూశాడు.

"సాక్షి లేడు, కేసు లేదు" అన్నాడు ఛైర్మన్. ఎర్ర గీతను రద్దు చేస్తూ ఉత్తరం రాసి ముద్ర వేశాడు. పరికరం కాలమ్‌లో 'ఎగిరిపోయినది' అని రాశాడు.

నిబ్రాస్ అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది. వబ్రియా ఆమె వీపు నిమురుతూ, నువ్వు ఆ రెండో ప్రశ్నకు ఏం రాశావే అని అడిగింది.

"నాలుగు."

లెక్కల ఇన్‌స్పెక్టర్ వెళ్ళబోతూ ఆగాడు. "అర" అన్నాడు జాలిగా. "పావురం కాళ్ళ దగ్గరే ఉంది కదమ్మా."

అందరూ వెళ్ళిపోయాక చాసిబ్ ఇంకా ముంగిట్లోనే నిలబడ్డాడు. సిత్ నజీహా మిస్కీ రెక్క విప్పి చూస్తోంది. టేపు వేసినచోట ఈకలు కాస్త పీక్కుపోయి ఉన్నాయి.

"టేపు బిగించి వేశారు" అంది, తల ఎత్తకుండా.

"తప్పయిందండీ. ఎవరిదో తెలియదు."

"బాగా మేపారు. బరువు పెరిగింది."

"శనగలు, కొంచెం జొన్నలు కలిపి." అతను గొంతు సవరించుకున్నాడు. ఈ మాట అడగడానికి ఇంతకుముందు ఎవరి దగ్గరా ఇంత భయపడలేదు. "మేడమ్, మన మధ్య యుద్ధమా, సంధా?"

సిత్ నజీహా ఆలోచించింది. వెనక గోడ మీదుగా తన డాబా కనిపిస్తోంది. గాలికి దుప్పట్లు ఊగుతున్నాయి.

"ఇంకా రెండు పరీక్షలున్నాయి. అవి అయ్యేదాకా సంధి" అంది. "ఆ తర్వాత మీ పావురాలను జాగ్రత్తగా చూసుకోండి."

రెండు రోజుల తర్వాత పొద్దున ఆరింటికి నెట్ మళ్ళీ పోయింది. వబ్రియా ఫోన్‌లో బ్యాలెన్స్ వేయించుకుంది. అయినా ఒక్కరూ ఫోన్ చేయలేదు. పది పావురాలు వచ్చాయి. చాసిబ్ చీటీలు విప్పుతూ తలెత్తి చూశాడు. బడి వెనక డాబా మీద దుప్పట్లు లేవు. ముప్ఫై ఒక్క పావురాలు పట్టపగలు, అందరూ చూస్తుండగా, గుంపుగా తిరుగుతున్నాయి.